మీసాల కుండ, దొంగ అంగడి

మా కోడలు కంప్యూటర్‌లో అంగడి తెరిచిన రోజున నేను అడిగిన మొదటి మాట, దిష్టికి ఏం కట్టావని. ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బీడీల బంకు పెట్టినవాడు కూడా నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి వేలాడదీస్తాడు. లోకమంతా కళ్ళు పెట్టుకుని చూసే అంగడిని ఏమీ కట్టకుండా ఎట్లా వదులుతారు?

"అత్తా, ఇది వెబ్‌సైటు. దీనికి వాకిలి లేదు, గడప లేదు. యాడ కట్టేది?"

"జనం సూస్తారా లేదా?"

"సూస్తారు."

"సూసేది ఉంటే దిష్టి ఉంటాది. కట్టు."

ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. మునుపటంత లేవు గానీ, ఉన్న మగ్గాల చప్పుడు వీధికి చాలు. మా ఇంట్లో ఒకటి, చుట్టుపక్కల ఇళ్ళలో ఒక్కొక్కటి. దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తాం. ఏళ్ళ తరబడి ఆ సరుకంతా ఆదోని సావుకారు వ్యాను ఎక్కి పోయేది. ఆయన చెప్పిందే ధర, ఆయన పెట్టిందే వంక. మా కోడలిదీ ఆదోనే. డిగ్రీ చదివి, పెళ్ళికి ముందు ఒక పత్తి మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసింది. నా కొడుకు లారీ తోలుతూ ఎప్పుడూ రోడ్ల మీదే ఉంటాడు. ఇంట్లో నేనూ ఆ పిల్లా, ఇద్దరి మధ్యా మగ్గం. అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పింది కూడా ఈ పిల్లే. అక్షరాలు నేర్పింది కదా అని ఆమె ప్రతి మాటకూ తలాడిస్తానని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకు నా సంగతి తెలియదన్నమాట.

వెబ్‌సైటు పెట్టి, వీధిలో సరుకంతా తానే ఫోటోలు తీసి, నేసినవాళ్ళ నుంచి తుడుచుకునేవాళ్ళకే, కప్పుకునేవాళ్ళకే నేరుగా పంపిస్తానని కోడలు ఇంటింటికీ తిరిగి ఒప్పించింది. అందరికంటే చివర ఒప్పుకున్నవాడు మా మరిది. సొంత మరిది కాదు, వరసకు మరిది. వీధిలో పెద్ద చెయ్యి ఆయనది. ఆయన రంగు అద్దిన నూలు ఎండలో ఆరేస్తే దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. ఒకసారి ఒప్పుకున్నాక మాత్రం ఎంత ఊపు వచ్చిందంటే, కోడలు పార్సెళ్ళ పనిలో ఉంటే ఫోన్ ఎత్తడానికి తన నంబరు కూడా వెబ్‌సైటులో పెట్టించుకున్నాడు.

దిష్టి సంగతి మాత్రం తేలలేదు. మరునాడు నేనే ఒక పాత కుండ తీసుకుని, మసి పూసి, సున్నంతో కళ్ళు, కోరలు, నాలుక దిద్దాను. మీసాలు మా ఆయనవి వచ్చాయి. కావాలని పెట్టలేదు. మీసం గీయమంటే నా చేతికి తెలిసింది అదొక్కటే. ఆయన అద్దం చూసుకోకుండా, దారాలు కత్తిరించే కత్తెరతో మీసం సరిచేసుకునేవాడు. ఒకవైపు పైకి లేచేది, ఇంకోవైపు కిందికి జారేది. ఆయన పోయి చాలా ఏళ్ళయినా, ఆ మీసం వచ్చి కుండ మీద కూర్చుంది. దాన్ని వాకిట్లో వేలాడగట్టాను. కోడలు నా పోరు పడలేక ఫోటో తీసి వెబ్‌సైటు అడుగున పెట్టింది.

కొన్నాళ్ళకు ఎవరో ఒకామె ఫోన్ చేసి, దుప్పటి మాట ఎత్తకుండా, ఆ కుండ ఎంతకిస్తారని అడిగింది. కోడలు నా వైపు చూసింది. నేను మగ్గం వైపు చూశాను.

అంగడి మూడేళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత తిట్లు మొదలయ్యాయి.

మొదట ఎవరో పట్నం ఆవిడ. "డబ్బులు తీసుకుని దుప్పటి పంపకపోతే ఎలాగండీ? మనుషులేనా మీరు?" అంది. ఆమె పేరు మీద మా దగ్గర ఏ పార్సెలూ లేదు. ఆ మాట చెబితే ఇంకా మండిపడింది. తర్వాత బళ్ళారి వైపు నుంచి ఒకాయన కన్నడంలో అందుకున్నాడు. కోడలికి సగమే అర్థమయింది. నా పుట్టినిల్లు హొళగుంద, నాకు మొత్తం అర్థమయింది. దానికి నేను కన్నడంలోనే ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను. రోజుకు రోజు ఫోన్లు పెరిగాయి. చివరికి ఒక పిల్లాడి తల్లి ఏడుస్తూ, తాను డబ్బు కట్టిన వెబ్‌సైటు ఫోటో తీసి పంపితే అసలు సంగతి బయటపడింది.

అది మా అంగడే. మా దుప్పట్లు, మా తువ్వాళ్ళు, మడతలు పట్టుకున్న కోడలి చెయ్యి గాజులతో సహా. పేరు కూడా మాదే. దాని తోకకు ఒక్క ముక్క అదనంగా అతికించారు. డబ్బు కట్టి మోసపోయినవాళ్ళు ఆ పేరు పెట్టి వెతికితే మా నంబర్లు దొరికేవి. ధరలు మాత్రం సగం. కిందికి జరుపుకుంటూ పోతే అడుగున నా కుండ. దొంగతనానికి వచ్చినవాడు దిష్టిబొమ్మను కూడా మోసుకుపోవడం నేను ఎప్పుడూ వినలేదు.

మోసపోయినవాళ్ళకు కోడలు ఒక్కొక్కరికీ ఓపికగా చెప్పింది, అది మేం కాదు, పోలీసులకు ఇట్లా ఫిర్యాదు పెట్టండి అని. తానూ పెట్టింది. కొందరు విన్నారు. కొందరు "దొంగలంతా ఇట్లనే అంటారు" అన్నారు. వాళ్ళను తప్పు పట్టలేం, దొంగలంతా అట్లాగే అంటారు.

అప్పుడు మా మరిది వచ్చాడు. ఫోన్‌ను చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు తోక వైపు, అంటే చార్జర్ తీగతో పట్టుకుని వచ్చాడు.

"వదినా, ఇది నా సేతికి వద్దు. పొద్దున లేస్తానే ఎవురో నన్ను దొంగనాకొడకా అంటాండారు. మా నాయన కూడా నన్ను అంత మాట అనల్యా."

"మీ నాయనకు నీ సంగతి సరిగ్గా తెలీదులేప్పా."

"ఎకసెక్కాలాడొద్దు వదినా. వీధిలో అందరం మాట్లాడుకున్యాం. పై శుక్రవారం సావుకారు వ్యాను వస్తాది. అప్పటికి ఈ తిట్లు నిలిస్తే సరే. లేకుంటే మా సరుకంతా మల్లా వ్యాను ఎక్కిస్తాం. కోడలుపిల్ల ఏమనుకోవద్దు."

కోడలు లోపలికి పోయి, కట్టిన పార్సెల్‌నే విప్పి మళ్ళీ కట్టింది. వీధి సరుకు వ్యాను ఎక్కితే ఆ అంగడి లేదు. ఒక్క మా మగ్గం మీద వచ్చే దుప్పట్లతో ఎవరు అంగడి నడుపుతారు? మూడేళ్ళుగా ఆ పిల్ల కూడగట్టిందంతా శుక్రవారం దాకానే.

మరునాడు ఇద్దరం బస్సెక్కి ఆదోని పోయాం. కోడలితో పాటు చదువుకున్న అతను అక్కడ కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. ఫ్యాను నా వైపు తిప్పి, నింపాదిగా చెప్పాడు.

"అత్తమ్మా, వెబ్‌సైటు అంటే రెండు ఉంటాయి. పేరు ఒకరి కాడ కొంటారు. జాగా ఇంకొకరి కాడ బాడుగకు తీసుకుంటారు. ఆ ఇద్దరికీ ఫిర్యాదు రాయల్ల. ఈ దొంగ మా పేరు మాదిరే పేరు పెట్టి, మా ఫోటోలు ఎత్తుకుని జనాన్ని ముంచుతాండాడు, తీసేయండి అని."

"బాడుగకు ఇచ్చినోడు యాడుంటాడు?"

"అమెరికాలోనో యాడనో."

"అయితే పోయి వాకిట్లో కూర్చునేకి లేదు."

"లేదత్తమ్మా. రాయడమే."

వాళ్ళిద్దరూ కూర్చుని ఇంగ్లీషులో రాశారు. ఊరికే కూర్చోలేక, ఆ దొంగ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు నేను ఫోన్ చేశాను. ఒక మగవాడు, గొంతులో బెల్లం పాకం.

"చెప్పండి మేడమ్, ఒరిజినల్ ఎమ్మిగనూరు చేనేత."

"ఎమ్మిగనూరా? మీ మగ్గాలు ఆ ఊర్లో యాడుండాయప్పా?"

"గోదావరి ఒడ్డున మేడమ్. చాలా ప్రశాంతమైన వాతావరణం."

మా ఊరికి గోదావరి తెచ్చిన మహానుభావుడు. ఎండాకాలం మేం బిందెలు పట్టుకుని ట్యాంకరు వెంట పరిగెత్తుతాం, వీడికి ఒడ్డు కూడా దొరికింది.

"సరేప్పా. అడుగున ఒక కుండ ఉండాది. ఆ మీసాలు ఎవురివి?"

అతను ఒక్క క్షణం ఆగాడు. కుండను అప్పుడే చూస్తున్నాడనుకుంటా.

"అది మా కంపెనీ లోగో మేడమ్. మా ఫౌండర్ గారు."

మా ఆయన బతికున్నంత కాలం సొంతంగా ఒక సైకిల్ కూడా కొన్నవాడు కాదు. పోయాక కంపెనీ పెట్టాడు. నేను నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేశాను. కోడలికి నవ్వు రాలేదు.

జాగా బాడుగకు ఇచ్చిన కంపెనీ వాళ్ళు నాలుగు రోజులకు జవాబిచ్చారు. మా ఫిర్యాదును తీసుకుపోయి ఆ దొంగకే చూపించి, నువ్వేమంటావని అడిగారట. వాడేమంటాడు? అసలు అంగడి మాదే, ఎమ్మిగనూరు వాళ్ళే దొంగలు అన్నాడు. దుప్పట్లు మావేనన్నాడు. ఆ కుండ తమ లోగో అని, ఫౌండర్ జ్ఞాపకార్థం పెట్టుకున్నామని రాసి ఇచ్చాడు. ఆ కంపెనీ వాళ్ళకు ఇద్దరమూ ఒకటే. దుప్పట్లు చూసి తేల్చలేరు, అమ్ముడుపోయిన దుప్పటి ఎవరి చేతిలోనైనా ఉంటుంది. అందుకని వాళ్ళు ఒక మాట అడిగారు. ఆ కుండ ఎవరిదైతే వాళ్ళు, దాని పక్కన మేమిచ్చే ఫిర్యాదు నంబరు రాసిపెట్టి, కొత్తగా ఫోటో తీసి పంపాలని.

కోడలు ఎగిరి గంతేసింది. అది బుధవారం.

"అత్తా, మన కుండ! నీ కుండే మనల్ని గట్టెక్కిస్తాది. యాడుండాది? వాకిట్లో కనపడల్యా."

"లేదు."

"లేదంటే?"

"తిట్లు మొదలయినాక దాన్ని ఇంక పెట్టుకుంటారా? కడుపు నిండా జనం కండ్లే ఉంటాయి దానికి. అమావాస్య నాడు ఇంటి సుట్టూ దిప్పి మూడు దార్ల కాడ ఇసిరేసినాను."

ఆ పిల్ల గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "మామ మొగం పెట్టి మూడు దార్లలో పారేసినావా?"

"బతికినప్పుడు కూడా ఆయన పొద్దంతా ఆడనే ఉండేవాడు. టీ అంగడి కాడ."

"అమావాస్య పోయి ఎన్నాళ్ళాయ! ఇంకా ఉంటాదా?"

"ఎవురు తీస్తారే దాన్ని?"

ఆ మాట అన్నాకే అది నాకూ తట్టింది. నిజంగానే, ఎవరు తీస్తారు? దిష్టి తీసి పారేసిన వస్తువును మా ఊర్లో ముట్టుకునేవాడు లేడు. రోడ్డు ఊడ్చేవాళ్ళు దాని చుట్టూ ఊడ్చి వదిలేస్తారు. తాగి తూలేవాడు కూడా అక్కడికి వచ్చేసరికి తిన్నగా నడుస్తాడు. బ్యాంకు లాకరులో పెట్టినా అంత భద్రం ఉండదు.

పోయి చూస్తే ఉంది. మూడు పెంకులుగా పగిలి, టీ అంగడికి కాస్త అవతల రోడ్డు మీద పడి ఉంది. ఒక పెంకు మీద కన్ను, ఒకదాని మీద కోరలు, ఇంకోదాని మీద మీసం కిందికి జారిన వైపు. ఆటోలు, బండ్లు దాన్ని తొక్కకుండా చక్కగా పక్కకు తిరిగి పోతున్నాయి. నేను చీర కొంగు దోపి వంగేసరికి టీ అంగడాయన కేక వేశాడు.

"అక్కా! ముట్టుకోవద్దక్కా! అది దిష్టిది!"

"నాకు తెలీదా? పారేసింది నేనే."

"నువ్వేనా? దాని మూలాన ఈ పక్క బల్ల మింద కూకునేవాడు లేడక్కా. గిరాకీ అంతా అవతలి అంగడికి పోతాండాది."

"అయితే తీస్తాంటే ఎందుకు అరుస్తావు?"

"తియ్యి, తియ్యి. తీసుకోని మా పక్కకు మాత్రం రావద్దు."

జనం చేరారు. పారేసిన దిష్టిని మళ్ళీ ఎత్తుకునే మనిషిని వాళ్ళు అప్పటిదాకా చూడలేదు. మా వీధావిడ ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, దాన్ని వీధిలోకి తెచ్చావంటే వాకిళ్ళు మూసుకుంటామని చెప్పింది. సరే, తేనులే అన్నాను. అక్కడే ఫోటో తీద్దామని కోడల్ని పిలిచాను. డిగ్రీ చదివిన పిల్ల, దిష్టికి వాకిలి యాడుందని నన్ను ఎగతాళి చేసిన పిల్ల, రోడ్డు అవతల నిలబడి ఇవతలికి రాదు.

"నువ్వే పెట్టత్తా. నేను ఈడ నుంచి జూమ్ చేస్తాను."

"నంబరు ఎవురు రాయల్ల?"

"నువ్వే."

టీ అంగడాయన ధరలు రాసుకునే సుద్దముక్క దూరం నుంచి విసిరాడు. నేను మూడు దార్ల మధ్యన చతికిలబడి, మూడు పెంకులూ అతికించినట్టు పేర్చాను. మా ఆయన మొహం రోడ్డు మీద మళ్ళీ ఒకచోటికి వచ్చింది. కోడలు అవతల నుంచి ఒక్కొక్క అంకె అరుస్తుంటే, తారు మీద ఒక్కొక్కటే రాశాను. చాలా పెద్ద నంబరు. నా చెయ్యి నిదానం. మధ్యలో ఒక లారీ వచ్చింది. డ్రైవర్ పెంకుల్ని చూశాడు, నన్ను చూశాడు, హారన్ కూడా కొట్టకుండా బండిని మురిక్కాలవ అంచున పోనిచ్చాడు. ఆ పూట ఎమ్మిగనూరులో నా అంత నిశ్చింతగా రోడ్డు మీద కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు.

"అత్తా, నువ్వు కూడా ఫోటోలో ఉండు. ఇట్ల సూడు. నవ్వు."

"దొంగను పట్టిచ్చేకి నవ్వేదెందుకు?"

"అబ్బా, కోపంగా అయినా సూడు!"

కోపంగా చూశాను. తర్వాత చూసుకుంటే, పెంకుల మీది మొహం కంటే నాదే భయంకరంగా ఉంది. ఆ ఫోటోతో పాటు, కుండ వాకిట్లో వేలాడేటప్పటి పాత ఫోటోలు కూడా జతచేసి కోడలు అక్కడి నుంచే పంపింది. పెంకుల్ని ఊరి బయట గుంతలో వేసి వచ్చాను. ఇంటికి చేరితే కోడలు నన్ను గడప బయటే ఆపి, నెత్తి మీద పసుపునీళ్ళు గుమ్మరించింది.

"వెబ్‌సైటుకు దిష్టి లేదంటివే?" అన్నాను తడిసిన చీరతోనే.

"వెబ్‌సైటుకు లేదు. నీకుండాది. లోపలికి రా."

దొంగ వైపు నుంచి కుండ ఫోటో పోలేదు. ఎట్లా పోతుంది? గురువారం సాయంత్రం కోడలు ఫోన్ నా ముందు పెట్టి, చదువు అంది. దొంగ అంగడి ఉండే చోట, ఆ పేజీ దొరకడం లేదు అని ఉంది. నేను ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదివాను. పేరు అమ్మినవాళ్ళు కూడా ఆ పేరును ఆపేశారట. ఇంకో తోకతో ఇంకోటి మొలవవచ్చని, మొలిస్తే ఈసారి తొందరగా పీకించవచ్చని, పాత ఫిర్యాదు నంబరు చూపిస్తే చాలని ఆదోని అతను ఫోన్‌లో చెప్పాడు. కోడలు అన్నీ విని, తిట్లు మొదలయ్యాక మొదటిసారి కడుపునిండా తినింది.

కానీ వీధిని నమ్మించడం వేరే పని. ఎక్కడో లేని జాగాలో లేని అంగడి లేకుండా పోయిందని చెబితే ఎవరు నమ్ముతారు? శుక్రవారం వ్యాను వచ్చి నిలబడింది. మా మరిది దుప్పట్ల మూట భుజాన వేసుకుని ఇంట్లోంచి బయటికి వచ్చాడు. తక్కిన ఇళ్ళవాళ్ళు గడపల్లో నిలబడి, ఆయన ఏం చేస్తాడా అని చూస్తున్నారు. ఆయన వ్యానుకూ మా అరుగుకూ మధ్యన ఆగాడు.

"నిలిసిపోయినాయంటావా వదినా?"

"అంగడి పోయింది. తిట్లు కూడా పోతాయి."

"నిన్న పొద్దున కూడా ఒగాయన తిట్టినాడు."

"ఆయన ఎప్పుడో మోసపోయినోడప్పా. కోపం తీరేకి టైము పట్టదా?"

అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. వీధి వీధంతా ఆ జేబు వైపే చూసింది. మరిది దాని వైపు చూసి నా వైపు చూశాడు. కోడలు అరుగు మీద లేచి నిలబడింది.

"ఎత్తు," అన్నాను. "తిడితే మూట వ్యాన్లో వెయ్యి. నేనే ఒక చెయ్యి వేసి ఎక్కిస్తాను."

ఆయన ఎత్తి, చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నాడు. అవతల ఎవరో ఆడమనిషి. కాసేపు విన్నాడు. ఫోన్ చెవికి దగ్గరయింది. మొహం ఎర్రబడింది. కోడలు కళ్ళు మూసుకుంది.

"ఏమంటివీ? రంగు పోతాదా?" అని అరిచాడు మా మరిది. "ఎవురి దుప్పటి అనుకున్యావమ్మా? నేను పోతాను గానీ నా రంగు పోదు! ...ఏంటిదీ? వేన్నీళ్ళలోనా? వేన్నీళ్ళలో ఎందుకు ఏస్తావు? నిన్ను ఎవురు ఏయమన్న్యారు?"

వ్యాను డ్రైవర్ హారన్ కొట్టాడు. "ఏమన్నా, ఎక్కిస్తావా లేదా? ఇంకా నాలుగు వీధులు తిరగల్ల."

"ఒక్క నిమిషం ఉండమ్మా, ఈడ ఒగడు సెవుల కాడ పీకుతాండాడు." మరిది వెనక్కి తిరిగాడు. "గిరాకీతో మాట్లాడతాండాను, కనపడల్యా? పోప్పా నువ్వు, పో!"

డ్రైవర్ వీధి అంతా ఒకసారి చూశాడు. ఏ గడపలోంచీ ఏ మూటా కదలలేదు. బండి తిప్పుకుని పోయాడు.

మా మరిది మాట్లాడుతూనే వచ్చి, మూటను కోడలి ఒళ్ళో పడేసి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నీడలో ఆరెయ్యమని ఆమెకు చెప్పాడు. ఆమె ఏదో ఎదురు చెప్పింది. ఈయన ఇంకా గట్టిగా చెప్పాడు.

"ఎర్రంచుదా? ఎర్రంచుది ఇప్పుడు లేదు. కావల్లంటే నేసేదాకా కాసుకో. నేసేవాణ్ణి నేనే గదమ్మా, యాడికి పోతాను?"